జారుముడి

తుఫాను దాటిన మూడో రోజు పొద్దున్నే ఎర్రన్న తన ఇంటి చూరు కింద నుంచి నడుం వంచి బయటికొచ్చి, ఊరిని ఒకసారి కలియజూసి, పక్కకి తిరిగి ఉమ్మేశాడు.

నౌపడ ఉప్పుమళ్ళకీ సముద్రానికీ మధ్య ఇరుక్కున్న పల్లె అది. అరవై గడపలుంటాయి. అందులో పదకొండు ఇళ్ళకి సిమెంటు రేకులు ఎగిరిపోయాయి. ఎగిరినవి ఎక్కడ పడ్డాయో అక్కడే ఉన్నాయి. కొన్ని ఉప్పుమళ్ళలో, ఒకటి గుడి మెట్ల మీద, ఇంకొకటి రెండు ముక్కలై ఒడ్డుకి లాగిన తెప్పలో. ఒక్కడూ వాటిని ముట్టుకోలేదు. కప్పులేని ఇళ్ళవాళ్ళు నాలుగు గోడల మధ్య ప్లాస్టిక్ కుర్చీలు వేసుకుని, నెత్తిన ఆకాశం పెట్టుకుని, పెళ్ళివారి కోసం ఎదురు చూస్తున్నంత బుద్ధిగా కూర్చున్నారు.

వాళ్ళు ఎదురుచూస్తున్నది ఫొటో కోసం. సచివాలయం నుంచి ఇంజనీరింగ్ అసిస్టెంటు హరిబాబు వచ్చి, ఫోనులో ప్రతి ఇంటి ఫొటో తీసేదాకా ఎవరూ మరమ్మతు చెయ్యకూడదని చాటింపు. చేస్తే నష్టం కనబడదు, కనబడకపోతే జాబితాలో పేరెక్కదు. అందుకని ఊరు ఊరంతా తన నష్టాన్ని పూలసజ్జలా పదిలంగా కాపాడుకుంటోంది.

"ముక్కు తుడుసుకోడానికీ ఆర్డరు రావాల ఈళ్ళకి," అన్నాడు ఎర్రన్న, వినాలనుకున్నవాళ్ళకి వినబడేలా.

అరవై రెండేళ్ళ మనిషి. తాటాకు కప్పు కట్టడం ఆయన పని. ఒకప్పుడు ఈ పల్లెలో ఆయన చెయ్యి పడని కప్పు లేదు, ఇప్పుడు నాలుగే మిగిలాయి. నాలుగింటికీ ఈ తుఫానులో ఒక్క ఆకు కదల్లేదు. దానితో ఆయన కాళ్ళు నేల మీద నిలబడడం మానేశాయి. మూడు రోజులుగా రేకుల ఇళ్ళకి పరామర్శకి వెళ్తున్నాడు. పరామర్శ అని పేరు పెట్టాడుగానీ అది ఊరేగింపే. ప్రతి ఇంట్లోనూ ఒక విరిగిన రేకు ఎత్తి, హుక్కు బోల్టు ఉండాల్సిన కన్నంలో చూపుడు వేలు పెట్టి, అవతలి వైపు నుంచి ఆ వేలు ఆడించి చూపిస్తాడు. రేకులు బిగించిన ఎల్లాజీ ప్రతి కన్నానికీ హుక్కు పెట్టాల్సింది, ఒకటి పెట్టి రెండు వదిలేశాడు. పేరంటంలో పిసినారి శనగలు పంచినట్టు పంచాడు హుక్కులు. అది నిజమే. నిజాన్ని చెప్పడంలో తప్పులేదు, కానీ కప్పు పోయినవాడి ముందు వేలు ఆడించి చెప్పనక్కర్లేదు. ఆ తేడా ఎర్రన్నకి ఎప్పుడూ తెలియలేదు.

పల్లెకి పడమటి కొసన ఆఖరి ఇల్లు లక్ష్మణమ్మది. ఎర్రన్నకి పెదనాన్న కూతురు, నాలుగేళ్ళు పెద్ద, అందుకని అప్ప. ఎండుచేపలు సంతకి మోసి అమ్ముకుంటుంది. ఒంటరి మనిషి. ఇంట్లో రెండు గదులు. పెద్ద గది మీది రేకులన్నీ పోయాయి, చిన్న గది మీదివి మిగిలాయి. ఆ చిన్న గదిలో పొయ్యి, మంచం, తొమ్మిది బస్తాల ఎండు నెత్తళ్ళు. ఆ తొమ్మిది బస్తాలే ఆమెకి సంక్రాంతి దాకా తిండి. మంచం నిలబెట్టి గోడకి చేరవేసి, బస్తాల మీద తను పడుకుంటోంది.

ఎర్రన్న వెళ్ళేసరికి ఆమె మిగిలిన రేకుల మీదికి ఇసుక సంచులు ఎక్కిస్తోంది. నిచ్చెన మీద నిలబడి, ఒక్కో సంచీ భుజాన పెట్టుకుని, రేకు అంచున రెండు వైపులా పేరుస్తోంది. అరవై ఆరేళ్ళ మనిషి చేసే పని కాదు. ఎర్రన్న కింద నిలబడి చూశాడుగానీ చెయ్యి వెయ్యలేదు. రేకుల పనికి చెయ్యి వెయ్యనని ఆయనకి ఒట్టు.

"ఆ డబ్బా మూతకి ఇంత సేవేటి అప్పా?" అన్నాడు. "పెద్ద గదికి తాటాకు కప్పీమంటే ఒక్క పూటలో కప్పీనా?"

ఆమె దిగి చీర కుచ్చిళ్ళకి చేతులు తుడుచుకుంది. కప్పించుకోవాలనే ఉందని, అయితే ఫొటో అయ్యాకేనని చెప్పింది. అవతల ఇంకొకటి వస్తోందని టీవీలో చెప్తున్నారు, ఆదివారం నాటికి తుఫానట. వారం తిరక్కుండానే రెండోది. కార్తీకంలో ఒకటి వచ్చిపోతే మళ్ళీ ఏడాది దాకా సముద్రం జోలికి రాదని ఎరిగిన మనుషులు వాళ్ళిద్దరూ. ఇప్పుడు ఒకదాని తడి ఆరకముందే ఇంకొకటి. వలకి వెళ్ళినవాళ్ళు కూడా ఆ మాటే అంటున్నారు, నీళ్ళలో చెయ్యి పెడితే కార్తీకంలోనూ గోరువెచ్చగా తగులుతున్నాయట.

"నాకు రెండూ గావాలిరా," అంది లక్ష్మణమ్మ. "కప్పూ గావాల, జాబితాలో పేరూ గావాల. ఏదో ఒకటే అంటే నానేటి సేసేది?"

ఎర్రన్న నవ్వి వెళ్ళిపోయాడు.

మర్నాడు శుక్రవారం మధ్యాహ్నం హరిబాబు వచ్చాడు. పాతికేళ్ళవాడు, గజపతినగరం వైపు మనిషి, బండి మీద వచ్చి ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి బురదలోకి దిగాడు. ఊరంతా లేచి నిలబడింది. ఆడవాళ్ళు ఆధార్ కార్డులు కొంగుతో తుడిచి పట్టుకున్నారు. ఇంటి ముందు ఇంటివాళ్ళు నిలబడాలి, వెనకాల కప్పు లేనట్టు కనబడాలి, ఆ చోటు ఎక్కడుందో ఫోను పట్టుకోవాలి. మూడు ఇళ్ళయ్యాయి. నాలుగో ఇంటి దగ్గర ఫోనులో చక్రం తిరగడం మొదలెట్టి, తిరిగి తిరిగి తిరుగుతూనే ఉండిపోయింది. హరిబాబు ఫోను పైకెత్తాడు, గట్టెక్కాడు, గుడి మెట్లెక్కాడు. చక్రం ఆగలేదు. సర్వరు పడుకుందని, రేపు రెండో శనివారమని, ఎల్లుండి తుఫాను డ్యూటీ అని, సోమవారం పదింటికల్లా వచ్చి మిగిలినవి పూర్తి చేస్తానని చెప్పాడు. అప్పటిదాకా ఎవరూ ఇళ్ళు ముట్టుకోవద్దని కూడా చెప్పాడు. చెప్పేటప్పుడు వాడి కళ్ళు బురదలో ఉన్నాయి.

కుర్చీల్లోంచి లేచినవాళ్ళు మళ్ళీ కుర్చీల్లో కూర్చున్నారు. అది చూసి ఎర్రన్నకి ఒళ్ళు మండిపోయింది. హరిబాబు మీద మండిందా, ఆ కూర్చున్నవాళ్ళ మీద మండిందా అంటే, కూర్చున్నవాళ్ళ మీదే ఎక్కువ మండింది.

"ఆదివారం గాలొస్తాది. సోమారం ఫొటో తీస్తావు," అన్నాడు ముందుకొచ్చి. "మరి గాలికి సెప్పీసినావా బాబూ, సోమారం దాకా ఆగమని?"

హరిబాబు ముఖం ఎర్రబడింది. రూలు తను పెట్టింది కాదన్నాడు. అది పెట్టిననాడు తుఫానుకీ తుఫానుకీ మధ్య ఏడాది ఉండేదని, ఇప్పుడు వారం కూడా ఉండడం లేదని, ఆ సంగతి పైవాళ్ళకి రాశామని అన్నాడు. బండి దగ్గరికి వెళ్ళినవాడు ఆగి, వెనక్కి వచ్చి, గొంతు తగ్గించి ఇంకో మాట చెప్పాడు.

"పెద్దాయనా, మొన్నటిది మనకి దక్షిణాన దాటింది కాబట్టి గాలి తూర్పు నుంచి కొట్టింది. ఈసారిది ఉత్తరాన దాటుతుందంటున్నారు. గాలి పడమట నుంచి తిరుగుతుంది. ఇళ్ళకి పడమటి వైపు చూసుకోమని అందరికీ చెప్పండి, మీ మాటైతే వింటారు."

ఎర్రన్న తల కూడా ఆడించలేదు. సముద్రాన్ని బస్సు కిటికీలోంచి చూసినవాడు తనకి గాలి సంగతి చెప్తాడు. పడమటి గాలంటే ఏమిటి? తుఫాను తోక. కుక్క మొరిగి వెళ్ళిపోయాక తోక ఊపుకుంటూ పోతే ఎవడైనా తలుపు గడియ పెట్టుకుంటాడా? హరిబాబు చెప్పమన్న మాట ఆయన ఎవరికీ చెప్పలేదు. పైగా సాయంత్రం టీ కొట్టు దగ్గర దాన్ని అభినయించి నలుగురిని నవ్వించాడు.

శనివారం పొద్దున్నే తన పెరట్లోని తాటాకు మోపులు రెండు నెత్తిన పెట్టుకుని లక్ష్మణమ్మ గుమ్మంలో దించాడు. ఆమె వద్దంది. సోమవారం ఎంతో దూరం లేదంది. ఎర్రన్న మోపు మీద కూర్చుని బీడీ ముట్టించాడు.

"నీకు బొమ్మ గావాలా కప్పు గావాలా, ఏదో ఒకటి సెప్పప్పా. ఆ కుర్సీలోళ్ళ లాగ నువ్వూ ఆకాశం కేసి నోరెట్టుకు సూస్తానంటే నాను పోతాను. మన ఇంటి ఆడకూతురికి ఇంత బుర్ర ఉంటాదనుకున్నాను."

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. లక్ష్మణమ్మ కప్పులేని గదిలోకి చూసింది. తడిసిన గోడ సున్నం పెచ్చులు పెచ్చులుగా రాలుతోంది.

"సరే, కప్పీ," అంది చివరికి. "ఫొటో పోతే పోనాది. నీ మాట మీద ఉంటన్నాను."

పని మొదలెట్టాక ఎర్రన్న వేరే మనిషి. అంతవరకూ ఉన్న నోరు మూసుకుపోయి చేతులు తెరుచుకుంటాయి. వెదురు వాసాలు నాలుగు వైపులా దింపి, వాటి మీద అడ్డబద్దలు జానెడు ఎడంతో కట్టాడు. ఆకుని అరచేత్తో నొక్కి, ఈనె వంపు చూసి, కింది వరస నుంచి పైకి, ఒకదాని నడుం మీద ఇంకొకదాని కాలు పడేలా పేర్చుకుంటూ పోయాడు. మొలలో ఉన్న కత్తి తియ్యడం, నార కొయ్యడం, మళ్ళీ మొలలో దోపడం కంటికి ఆనేది కాదు. అడుగు పొడుగు కత్తి, పిడి అరిగి వేళ్ళ ఆకారం తేలింది. దాన్ని ఆయన పెళ్ళాం గున్నమ్మ కూడా ముట్టుకోకూడదు. మధ్యాహ్నానికి ఆకు ఇంటి నెత్తిన కొప్పు దాకా ఎక్కింది. దాని మీద పాత వల పరిచి, తూర్పు చూరున రాళ్ళు కట్టి వేలాడదీశాడు. తూర్పు వైపు ప్రతి కట్టుకీ రెండు పేటల పీటముడి వేసి కాలితో తన్నిపెట్టి బిగించాడు.

పడమటి చూరుకి వచ్చి జారుముడి వేశాడు. ప్రతి కట్టుకీ తాడు కొస ఒక మూరెడు చూరు కిందికి వదిలాడు. ఈ పల్లెలో తాటాకు కప్పు అలాగే కడతారు. ఎండాకాలంలో ఒక ఇంటికి నిప్పంటుకుంటే పది ఇళ్ళు కాలేవి. అప్పుడు కొస పట్టి లాగితే ముడి జారి, ఆకు ఆకంతా కిందికి దిగిపోవాలి, ఇల్లు బతకాలి. గాలి వచ్చేది తూర్పు నుంచి గనుక తూర్పు బిగింపు. పడమట కొబ్బరి, జీడి తోటలు గోడలా నిలబడి ఉంటాయి గనుక పడమట వదులు. అది ఎర్రన్న తండ్రి నేర్పింది, ఆయనకి ఆయన తండ్రి నేర్పింది.

లక్ష్మణమ్మ కింద నుంచి ఆ కొసలు చూస్తోంది.

"ఒరే, ఇటేపు కూడా గట్టి ముడే ఎయ్యరాదేటి? పడమట గాలొస్తాదని ఆ బాబు సెప్పినాడంట గదా."

"నిప్పొస్తే ఏటి సేస్తావు? నీ బాబొచ్చి ముడిప్పుతాడా?" అన్నాడు ఎర్రన్న పై నుంచే. "మా అయ్య కట్టినాడు, మా తాత కట్టినాడు. ఆళ్ళకి తెలీని గాలి ఆడికి తెలిసిపోనాదా?"

తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. ఆయన కప్పు మీద నిలబడి పడమటి వైపే చూస్తూ ఆ మాట అన్నాడు. అక్కడ తోట లేదు. ఏడేళ్ళ కిందటి పెద్ద తుఫానుకి వేళ్ళతో సహా పడిపోయింది. ఇప్పుడక్కడ మొదళ్ళూ, వాటి మధ్య మోకాటెత్తు జీడి మొక్కలూ, ఆ వెనక రైలు కట్ట దాకా ఉప్పుమళ్ళూ, ఉత్త బయలూ. కళ్ళుండి చూస్తూనే ఉన్నాడు. చేతులు మాత్రం లేని తోటని నమ్ముకుని ముడి వేసేశాయి.

దిగాక ఇంకో పని చేశాడు. చిన్న గదిలోని బస్తాలు తెచ్చి తన కప్పు కింద పెద్ద గదిలో పెట్టమన్నాడు. ఎల్లాజీ రేకుల కింద సరుకు పెట్టుకుంటే తన కప్పుకి అవమానమన్నాడు. లక్ష్మణమ్మ తటపటాయిస్తే తనే తొమ్మిది బస్తాలూ ఈడ్చుకొచ్చి గోడవారగా పేర్చాడు. పేర్చి, దూరంగా నిలబడి, కప్పునీ బస్తాలనీ కలిపి చూసుకుని తృప్తిగా తుండుగుడ్డ దులుపుకున్నాడు.

ఆదివారం పొద్దున పల్లెని తుఫాను షెల్టరులోకి తోలారు. మెట్ల మీద గొర్రెల్లా ఒకరినొకరు నెట్టుకుంటూ ఎక్కారు. ఎర్రన్న పడమటి కిటికీ దగ్గర చోటు సంపాదించాడు. అక్కడి నుంచి తన ఇల్లూ, ఆ కొసన లక్ష్మణమ్మ ఇల్లూ కనబడతాయి. గాలి పొద్దున ఉత్తరం నుంచి మొదలైంది. రెండు కప్పులూ ఎద్దుల్లా ఒళ్ళు బిగబట్టి నిలబడ్డాయి. ఎర్రన్న పక్కనున్న ఎల్లాజీకి పల్లెలో తాటాకు ఇళ్ళు ఎన్ని నిలబడ్డాయో వేళ్ళ మీద లెక్కపెట్టి చూపించాడు. ఎల్లాజీ తల దించుకున్నాడు.

పదకొండు దాటాక గాలి తిరిగింది. అరగంటలో పడమట నుంచి కొట్టడం మొదలెట్టింది. తోకలా రాలేదు. రైలు కట్ట మీది నుంచి దిగి, మొదళ్ళ మధ్య అడ్డూ ఆపూ లేకుండా, బురదని పైకి లేపుకుంటూ వచ్చింది. లక్ష్మణమ్మ ఇంటి పడమటి చూరున తాడు కొసలన్నీ ఒక్కసారి లేచి అడ్డంగా నిలబడ్డాయి. అంత దూరం నుంచి కొసలు కనబడవు, కానీ కట్టినవాడికి కనబడ్డాయి. ఒక ముడి జారింది. గాలి దాన్ని లాగిన తీరు సరిగ్గా మనిషి లాగినట్టే ఉంది. తర్వాత పక్కది, దాని పక్కది. నిప్పొస్తే ఎలా దిగాలని కట్టాడో కప్పు అలాగే ఊడింది, కాకపోతే కిందికి దిగలేదు, పైకి లేచింది. నిద్రపోతున్నవాడి మీది దుప్పటి లాగేసినట్టు వలతో సహా తూర్పుకి మడతపడింది. గది నోరు తెరుచుకుంది. ఆ వెంటనే వాన.

ఆ పక్కనే చిన్న గది మీద రేకులు, అటూ ఇటూ ఇసుక సంచులు మోసుకుని, చలించకుండా ఉన్నాయి.

ఎర్రన్న తన ఇంటి వైపు చూడలేదు. అది కూడా పోయిందని గున్నమ్మ వెనక నుంచి చెప్పింది. లక్ష్మణమ్మ కిటికీ దగ్గరికి వచ్చి నిలబడింది. ఎల్లాజీ జరిగి ఆమెకి చోటిచ్చాడు. ఒక్కరు వేలు చూపించి నవ్వినా ఎర్రన్నకి బతుకు తేలికయ్యేది. మూడు రోజులు వేలు కన్నంలో పెట్టి ఆడించినవాడికి ఎవరూ ఆ సాయం చెయ్యలేదు.

సోమవారం ఎండ కాసింది. లక్ష్మణమ్మ బస్తాలు విప్పి నెత్తళ్ళు అరుగు మీద పరిచింది. అవి చేపలు కావు, గుజ్జు. వాసనకి కాకులు దిగాయి. ఆమె కాకులని తోలలేదు.

పదింటికి హరిబాబు చెప్పిన మాట ప్రకారం వచ్చాడు. ఫోను పనిచేస్తోంది. ఎర్రన్న ఇంటి దగ్గర ఆగి ఆధార్ కార్డు అడిగాడు. ఎర్రన్న కార్డు పట్టుకుని, తన మొండిగోడల ముందు, కుర్చీలోళ్ళు నిలబడ్డట్టే నిలబడ్డాడు. కొంచెం ఎడమకి జరగమంటే జరిగాడు. కప్పు బాగా కనబడాలి, అంటే లేనట్టు బాగా కనబడాలి.

అక్కడి నుంచి లక్ష్మణమ్మ ఇంటికి ఇద్దరూ కలిసి నడిచారు. పడమటి వైపు చూసుకోమన్నాను కదా అని వాడు అంటాడని ఎర్రన్న దారంతా ఎదురుచూశాడు. వాడు అనలేదు. ఫొటో తీసి, వివరాలు నొక్కుతూ, కారణం అన్న చోట ఆగాడు.

"గాలి అని రాస్తున్నాను," అన్నాడు.

"గాలి కాదు. నా ముడి," అన్నాడు ఎర్రన్న. "నా పేరు రాయి."

హరిబాబు ఫోను ఆయన వైపు తిప్పి చూపించాడు. గాలి, వాన, వరద, మూడే ఉన్నాయి. నాలుగోది రాయడానికి చోటు లేదు. వాడు గాలి మీద నొక్కి, ఆమె పేరు జాబితాలో ఎక్కిందని చెప్పి, పక్క ఇంటికి వెళ్ళిపోయాడు.

"ఫొటో పడినాది," అంది లక్ష్మణమ్మ. "సేప పోనాది."



ఎర్రన్న తూర్పు చూరున మడతపడి ఉన్న ఆకుని విప్పి, విరిగినవి ఏరేసి, మళ్ళీ కప్పడం మొదలెట్టాడు. గున్నమ్మ ఒకసారి వచ్చి, సొంత ఇల్లు అలా వదిలేసి ఇక్కడేమిటని అడగబోయి, ఆయన ముఖం చూసి అడగకుండా మోపులోంచి ఆకులు అందించింది. సాయంత్రానికి పడమటి చూరుకి వచ్చాడు. రెండు పేటలు పెనవేసి పీటముడి వేశాడు. చేతులు ఊరుకోలేదు. అలవాటు చొప్పున కొస వదిలేశాయి. తన అయ్యనీ, తాతనీ నోటికొచ్చిన బూతు తిట్టి, విప్పి మళ్ళీ వేశాడు. ప్రతి కొసా చూరు లోపలికి మడిచి తొక్కాడు. రెండు చూరుల్నుంచీ రాళ్ళు వేలాడాయి.

దిగేసరికి లక్ష్మణమ్మ నిచ్చెన కింద నిలబడి ఉంది.

"ఎండాకాలం నిప్పొస్తే?" అంది. ఎగతాళికి కాదు. ఆమెకి తెలియాలి.

ఎర్రన్న మొలలోంచి కత్తి తీశాడు. పిడిని ఒకసారి తుండుగుడ్డతో తుడిచి, పడమటి చూరులో రెండు వాసాల సందున, పిడి బయటికి ఉండేలా గుచ్చాడు.

"లాగితే రాదు. కొయ్యాల," అన్నాడు.

ఆమె చెయ్యెత్తి చూసింది. పిడి ఆమె వేళ్ళకి జానెడు పైనే ఉండిపోయింది.

"నీకు అందే ఎత్తున ఎట్టుకున్నావు," అంది. "ఇది నా ఇల్లు."

ఎర్రన్న కత్తి పీకి, ఆమె చేతినే కొలతగా పట్టుకుని, కిందికి గుచ్చాడు.